బండిని ఎత్తించిన అత్త

అత్త పోయిందన్న కబురు నాకు రెండు కంచెల మధ్య అందింది. పొద్దున్నే సోలార్ ప్లేట్లు కడిగే ఆడవాళ్లను పికప్ వెనక ఎక్కించుకుని పార్కు లోపలి రోడ్డు మీద పోతున్నాను. ఫోను మోగింది. నా భార్య.

"బావా, అమ్మ పోయింది" అంది.

బండి తిప్పుదామని చూస్తే చోటు లేదు. అటు కాలువ, కాలువ అవతల కంచె. ఇటూ అంతే. మధ్యలో ఒక్క బండి పట్టే రోడ్డు. ఇంటికి మళ్లాలంటే ముందు ఆ రోడ్డు చివరిదాకా పోవాలి. ఇంట్లో అత్త చాప మీద పడుకుని ఉంది, నేనేమో ఆమెకు దూరంగా, ఇంకా దూరంగా బండి తోలుకుంటూ పోతున్నాను. వెనకున్న ఆడవాళ్లకు సంగతి తెలియదు, ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్లను దించిన తర్వాత కూడా నేను వాళ్లకు చెప్పలేదు. చెబితే ఓదారుస్తారు, ఓదారిస్తే ఆలస్యమవుతుంది.

ఆమె నాకు మేనత్త, మా నాన్నకు అక్క. ఆమె కూతురినే చేసుకున్నాను కాబట్టి రెండు వైపుల నుంచీ అత్తే. "రెండు పలుపులతో కట్టేసినాను నిన్ను, యాడికి పోతావప్పా" అని నలుగురిలో అనేది. నిజంగానే ఎక్కడికీ పోలేదు నేను. కర్ణాటకలో, పావగడ తాలూకాలో మా ఊరు ఎక్కడుందని ఎవరైనా అడిగితే, ప్లేట్లు ఎక్కడ ఆగిపోతాయో అక్కడ, ప్లేట్లు మళ్లీ ఎక్కడ మొదలవుతాయో దానికి ఇవతల, అని చెబుతాను. వినేవాళ్లు నవ్వుతారు. నేను వేళాకోళానికి చెప్పడం లేదు.

మాది గొర్రెలు కాసిన వంశం. తాతల నాటి మందలు పోయి, చేలల్లో వేరుశనగ వేసుకుని, అది ఎండితే కూలికి పోయి బతకడం అలవాటయ్యాక కూడా అత్త మాత్రం మంద వదల్లేదు. మా చుట్టుపక్కల ఇళ్లలో గొర్రెలను తోలే రొప్పాలు ఒక్కొక్కటే బైకులు పెట్టుకునే రేకుల షెడ్లయ్యాయి. అత్త రొప్పంలో మాత్రం పొద్దుగూకితే జీవాల అరుపులు వినిపించేవి. ఆమె మెడ మీద ఎప్పుడూ ఒక నల్ల కంబళి మడత ఉండేది. ఎండాకాలంలో కూడా. "ఉక్క పోయదా అత్తా?" అంటే "దీనికి పోస్తే కదా నాకు పోసేది" అనేది. ఆ జవాబుకు అర్థం నాకు ఇప్పటికీ తెలియదు.

కంచెలు వచ్చినప్పుడు ఆమె ఎవరినీ తిట్టలేదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే మీరు ఆమెను తప్పుగా అనుకుంటారు. సోలార్ కంపెనీ వాళ్లు నేల గుత్తకు ఇవ్వమని అడిగిన రోజు అందరికంటే ముందు వేలిముద్ర వేసింది ఆమే. "వాన ఇయ్యని దుడ్లు ఎండ ఇస్తాండాది. వద్దంటామా?" అంది. ఆ గుత్త డబ్బుతోనే పాత పికప్ కొని తాళాలు నా చేతిలో పెట్టింది. పొద్దున ప్లేట్లు కడిగే ఆడవాళ్లను దించడం, తర్వాత ఎవరు ఏది వేయమంటే అది వేసుకుని పావగడ పోవడం. ఇల్లు గడుస్తోంది.

ఆమెకు కోపం వచ్చింది తర్వాత. ఎండలు ముదిరితే మా మంద నిడుగల్లు కొండ పక్కకు పోయేది. అక్కడ కొండ కింద గడ్డి ఉంటుంది, ఎంత ఎండాకాలమైనా కాస్త నీళ్లుంటాయి. వానలు పడ్డాక మంద తిరిగొచ్చేది. ఆ పోయే దారికి అడ్డంగా కంచె పడింది. ఒక సాయంత్రం అత్త కంచె వెంబడే నడిచి, నడిచి, ఇక దారి లేదని తేల్చుకుని ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"నేల ఇచ్చినాను గానీ, దారి ఇయ్యలేదప్పా" అంది.

కంచె లోపల ప్లేట్లు కడిగిన నీళ్లు కారి వాటి కింద పచ్చటి గడ్డి మొలిచేది. మా జీవాలు కంచె తీగల సందుల్లోంచి మూతులు దూర్చి ఆ గడ్డిని చూస్తూ నిలబడేవి. అత్త గేటు దగ్గరికి పోయి కావలివాడిని కన్నడంలో బతిమాలేది. వాడు మంచివాడే. "ఒళగె బిడల్ల అజ్జీ, నన్న కెలస హోగత్తె" అనేవాడు, లోపలికి వదిలితే నా పని పోతుందవ్వా అని. "నీ పని పోతే నాకేం వస్తాది లే" అని తిరిగొచ్చేది. ఆడవాళ్లను ఎక్కించుకుని పోతే ఆ గేటు నాకు తెరుచుకుంటుంది. జీవాలను ఎక్కించుకుని పోతే తెరుచుకోదు. అదే బండి, అదే నేను.

ఊరి రోడ్డు పావగడకే గానీ కొండ వైపు పోదు. ఇక మిగిలింది వంకదారి. ఊరి వెనక నుంచి వంకలోకి దిగి, అవతలి గట్టెక్కి పోయే పాత బండ్ల దారి. అవతల గట్టెక్కితే కొండదాకా అడ్డు లేదు గానీ, మధ్యలో నీళ్లు లేవు, నీడ లేదు, ఆ దారిన మంద నడిస్తే పిల్లలు బతకవు. అందుకని మందను పికప్‌లో వేసుకుని పోదామన్నాను. ఇది నా ఆలోచనే. అత్త ముందు సీట్లో కాళ్లు మడుచుకుని కూర్చుంది. సీటు బెల్టు పెట్టుకోమంటే "నన్నేంటికి కట్టేస్తావు, నేను దూకి పోతానా" అంది.

వంకలోకి దిగే చోట దారి రెండు మట్టిగట్ల మధ్య కోసుకుపోయి సన్నటి సందులా ఉంటుంది. అడుగున ఒక బండ పైకి లేచి ఉంటుంది. ఖాళీ బండి దాన్ని దాటేస్తుంది. జీవాల బరువుకు మా బండి కుంగి ఉందని నేను చూసుకోలేదు. కిందినుంచి ఇనుము రాయిని గీరిన చప్పుడు వచ్చింది, బండి కడుపు బండ మీద కూర్చుంది, వెనక చక్రాలు దుమ్ము లేపుతూ తిరుగుతున్నాయి.

"దిగు, చూడు" అంది అత్త.

తలుపు తీయబోయాను. రెండు వేళ్ల సందు తెరుచుకుని గట్టుకు ఆనింది.

"రాదత్తా. గట్టు ఆనుకోనుండాది."

"నా పక్క?"

"నీ పక్కా అంతే."

ఆమె అయినా తోసి చూసింది. మూసింది. అద్దం దించి, పక్కనే ఉన్న మట్టిగట్టును అరచేత్తో తాకింది. "ఇదేందప్పా, బతికుండంగానే పూడ్చినట్లుండాది" అంది. మొదట ఇద్దరం నవ్వాం. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఎండ అద్దంలోంచి నేరుగా మొహాన కొడుతోంది. ఇంజన్ వేడి కాళ్లకు తగులుతోంది. వెనక జీవాలు ఒగరుస్తున్న శబ్దం వినిపిస్తోంది. అత్త తల కాస్త వంచి వింటోంది. చూడకుండానే, "ఆ నల్లచెవులదానికి ఊపిరాడల్యా. దాన్ని ఎవురో తొక్కుతాండారు" అంది. నాకు అప్పుడు భయమేసింది. బండి కదలదు, తలుపు రాదు, ఫోనుకు సిగ్నల్ లేదు. ఊరు చుట్టూ కంచె, కంచె లేని చోట ఈ సందు. ఇంకెక్కడికి పోగలమని అనిపించింది. అంతకు ముందు ఎప్పుడూ నేనలా అనుకోలేదు.

"కిటికీలో నుంచి పోగలవా?" అంది అత్త.

ఎలాగో దూరి, బండి పైకప్పు మీదికి పాకి, "రా అత్తా, నిన్నూ లాగుతా" అని చెయ్యి చాచాను.

"నేనేమన్నా దొంగదాన్నా కిటికీలో దూరేకి? గమ్మున జీవాలు దించు, పో."

వెనక తలుపు తీశాను. జీవాలు ఒకదాని మీద ఒకటి దూకి వంకలో పడ్డాయి. ఆఖరిది దూకగానే బండి కిర్రుమని, దానంతట అదే పైకి లేచి బండను వదిలింది. లోపల నుంచి అత్త గొంతు వినిపించింది. "లేసింది! చూస్తివా? బరువు దిగితే లేస్తాది."

ఆ మాట తర్వాత చాలాసార్లు అంది. ఏడుస్తున్న మనవరాలితో, అప్పుల వాళ్ల గొడవ తెగిన పక్కింటాయనతో, ఆస్పత్రిలో తనతో తానే. "బరువు దిగితే లేస్తాదప్పా, ఏదైనా."

ఆ పొద్దు మందను నడిపించుకుని వెనక్కి వచ్చేశాం. ఎండలు ముదురుతున్నాయి, రొప్పంలో మేత అయిపోతోంది. బండి ఎత్తు పెంచాలి, లేదంటే మందను అమ్మాలి. మూడో దారి లేదు. అమ్మడం గురించి నేను ఒక్కసారి నోరెత్తాను. అత్త నా వైపు చూడలేదు, పళ్లెంలో సంగటి ముద్దను వేలితో నొక్కుతూ ఉండిపోయింది. నేను మళ్లీ ఆ మాటెత్తలేదు.

బండి ఎత్తు పెంచడానికి పావగడలో రెండు చోట్ల అడిగాం. బస్టాండు దాటాక ఒక షెడ్డులో దిమ్మలు పెడతామన్నారు. వెనక ఇరుసుకూ కమాను కట్టలకూ మధ్య ఇనుప దిమ్మలు దూర్చి, పొడుగు బోల్టులతో బిగిస్తారు. కమాను కట్టలంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీలు, మీకు తెలిసే ఉంటుంది, లారీల కింద విల్లులా వంగి కనిపిస్తాయి. దిమ్మలైతే ఒక్క పూట పని, చవక, బండి వెనక భాగం మాత్రం లేస్తుంది. ఇంకోటి పావగడ కొండ కింది మేస్త్రి దగ్గర. ఆయన దిమ్మలు పెట్టడు. ముందూ వెనకా పాత కట్టలు తీసేసి కొత్తవి చేసి వేస్తాడు, వాటికి తగ్గట్టు షాక్ అబ్జార్బర్లు మారుస్తాడు. బండి మొత్తం సమానంగా లేస్తుంది. కానీ దానికయ్యే ఖర్చు మా దగ్గర లేదు. మందలోంచి మంచి జీవాలను అమ్మితేనే వస్తుంది.

నేను దిమ్మలే అన్నాను. అత్త కూడా దిమ్మలే అంది. ఇద్దరం ఒక మాట మీదికి రావడం మా ఇంట్లో అరుదు కాబట్టి నా భార్య ఆ రోజు పాయసం చేసింది.

మరుసటి పొద్దు అత్త లేచి, "దిమ్మలేసిన బండి యాడన్నా ఉండాదా? ఎక్కి చూడాల" అంది.

ఇది మా ఇంటి పద్ధతి. మందను కొత్త దారిన తోలాలంటే ముందు ఇంటి మనిషి ఆ దారిన ఒకసారి పోయి రావాలి. ఊరికే పోయి రావడం కాదు, జీవం పోయినట్టు పోవాలి. చెప్పులు విప్పాలి. తల వంచుకుని, గొర్రెకు కనపడేంతే చూస్తూ నడవాలి. ముల్లు ఎక్కడ, జారేది ఎక్కడ, బెదిరేది ఎక్కడ అన్నది అలా పోతేనే తెలుస్తుందని మా తాత అనేవాడట. మా నాన్న కూడా చేయడం చూశాను. అయితే అది దారికి. బండికి కూడా ఆ పద్ధతి పెడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

"ముందు సీట్లో కూర్చో అత్తా, తిప్పి చూపిస్తాడు" అన్నాను.

"ముందు కూసుంటే నాకేం తెలుస్తాదప్పా? జీవాలు ముందు కూసుంటాయా?"

పక్క ఊళ్లో తెలిసినాయన ఒకడు దిమ్మలు వేయించుకున్నాడు. ఆయన బండిలో మా జీవాలు కొన్నింటిని ఎక్కించి, జీవాలు ఎక్కే చెక్క పలక మీదుగా అత్త కూడా వెనకే ఎక్కింది. చెప్పులు నా చేతికిచ్చింది. కంబళి తల మీద కప్పుకుని జీవాల మధ్య నిలబడింది. పట్టుకునే కమ్మీ ఉన్నా పట్టుకోలేదు. "గొర్రెకు చేతులుండాయా?" అంది. ఆ డ్రైవరు నా వైపు చూసి, మీ అత్తకు బాగానే ఉందా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. నేను సిగ్గుతో నేల చూశాను.

బండి వంకలోకి దిగింది, బండను తాకకుండా దాటింది. అవతలి గట్టు మీద నేను చప్పట్లు కొట్టాను. దగ్గరికి పోయి చూస్తే లోపల జీవాలు మోకాళ్ల మీద పడి ఉన్నాయి, రెండు ఒకదాని కింద ఒకటి. అత్త మూలకు పడి, మోచేయి గీసుకుపోయి, లేవడానికి చూస్తోంది. పాత కట్టల్లో సత్తువ లేదు, వాటి కింద దిమ్మ పెడితే ఎత్తు వచ్చింది గానీ ఊగడం ఎక్కువైంది.

"బండి దాటింది" అంది, చీర దుమ్ము దులుపుకుంటూ. "జీవాలు దాటల్యా."

కొండ కింది మేస్త్రి దగ్గర కూడా అంతే చేసింది. ఆయన అప్పటికే టమోటాలు తోలే ఒక పికప్‌కు కొత్త కట్టలు వేసి ఉన్నాడు. దాన్ని వంకదాకా తెప్పించి, అదే జీవాలు, అదే చోటు, చెప్పులు లేకుండా, చేతులు వదిలేసి. ఈసారి బండి బండ మీదుగా పోయి అవతల ఆగాక, జీవాలు నెమరేస్తూ నిలబడి ఉన్నాయి. అత్త వాటి మధ్య నిలబడి ఉంది. దాని తర్వాత మేస్త్రి షెడ్డుకు తిరిగొచ్చాక నేను టీ తాగడానికి పోయాను. తిరిగొచ్చేసరికి అత్త ఆ టమోటా బండి ముందు తలుపు దగ్గర నిలబడి మేస్త్రితో ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి, "ఇదే చేయిస్తాం" అంది.

"మంద కోసం మందలోవే అమ్మితే ఇంకేం మిగిలిందత్తా?" అని దారి పొడుగునా వాదించాను.

"మిగిలినవి మిగిల్నాయి."

"దిమ్మలేసుకుని నెమ్మదిగా తోల్తాను కదా."

"నువ్వు నెమ్మదిగా తోల్తావు. బండ నెమ్మదిగా ఉంటాదా?"

సంతలో తల్లిగొర్రెలను అమ్మడం మా వాళ్లు చేయరు. పొట్టేళ్లను అమ్ముతాం, తల్లిని ఉంచుకుంటాం, తల్లి ఉంటేనే మంద. ఆ వారం అత్త తల్లిగొర్రెలనే తోలుకుపోయింది, పొట్టేళ్లకు అంత ధర రాదని. మా సంతలో బేరం నోటితో చెప్పరు, తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. అత్త తన కొంగు కింద చెయ్యి పెట్టేది. మగవాళ్ల సంతలో అలా బేరమాడే ఆడమనిషి ఆమె ఒక్కతే. కొనేవాడి చేయి బేరం కుదిరి వదిలేశాక కూడా ఆమె చేయి కొంగు కిందే ఉండిపోయింది. తర్వాత తమలపాకులు కొనుక్కుని బస్సెక్కింది. నాకు ఆమె మీద కోపంగా ఉంది, జాలిగా ఉంది, బస్సు కిటికీలోంచి ప్లేట్లను చూస్తూ కూర్చున్నాను.

బండి తయారై వచ్చింది. నిజం చెప్పాలంటే అందంగా ఉంది, ఛాతీ విరుచుకున్న పొట్టేలులా. అత్త బానెట్ మీద అరచెయ్యి వేసి తట్టింది. పని అయ్యాక జీవాన్ని తట్టినట్టు బండిని కూడా తట్టడం ఆమె అలవాటు. జీవాలతో తెలుగులో, కావలివాడితో కన్నడంలో మాట్లాడేది, బండితో మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు. ఊరికే తట్టేది. తర్వాత ముందు తలుపు తీసి కాలెత్తింది. కాలు అందలేదు. ఇంకోసారి ఎత్తింది. ఆమె మోకాళ్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి.

"అబ్బో, ఇంత ఎత్తయిందే ఇది!" అని నోటి మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

నేను మెట్టు చేయిస్తానన్నాను. చేయించాను కూడా. తలుపు కింద వేలాడే ఇనుప మెట్టు. మొదటిసారి వంక దాటినప్పుడే బండకు తగిలి వంకర పోయింది. పైకి చేయిస్తే ఆమెకు అందదు, కిందికి చేయిస్తే బండకు అందుతుంది. పీట వేసి చూశాం. ఇంటి దగ్గర నేను, నా భార్య చెరో పక్క పట్టుకుని ఎక్కించాం. కొండ దగ్గర దిగేటప్పుడు వాలులో పీట ఒరిగి అత్త పడింది. ఎత్తి కూర్చోబెడతానంటే, "అల్లుడు ఎత్తుకోనుపోతే ఊరంతా నవ్వుతాది, వద్దు" అంది. ఎంత చెప్పినా వినలేదు. పలక మీదుగా వెనక జీవాల మధ్య ఎక్కొచ్చు గానీ, కొండదాకా నిలబడి పోవడానికి ఆ మోకాళ్లు చాలవు.

అలా మంద కొండకు చేరింది, అత్త ఊళ్లో ఉండిపోయింది. కొండ దగ్గర మా చిన్నాన్న కాపలా ఉన్నాడు. ఎప్పుడూ ఆమే ఉండే చోటు అది. నేను వారానికోసారి సరుకులు ఇచ్చి వచ్చేవాణ్ణి. సాయంత్రం బండి చప్పుడు వినపడగానే అరుగు మీద నుంచి లేచి వచ్చేది. ఏది ఎలా ఉంది, ఏది కుంటుతోంది, ఏది చూడు కట్టింది. నాకు సగం గుర్తుండేవి కావు. విసుక్కునేది. చివరికి నేను ఫోనులో వీడియో కాల్ చేసి చూపించడం మొదలుపెట్టాను. కొండ మీదికి కాస్త ఎక్కితే సిగ్నల్ వస్తుంది. "తల కాదప్పా, కాళ్లు చూపీ. కాళ్లు!" అని అరిచేది. ఒకసారి ఫోనులోంచే మందను పిలిచింది, నాలుక మడిచి, గొంతులోంచి తీసే ఆ పిలుపు. మేస్తున్న జీవాలన్నీ ఒక్కసారిగా తలలెత్తాయి. కొన్ని నా వైపు పరుగెత్తుకొచ్చి, నా కాళ్ల చుట్టూ తిరిగి, ఆమె కోసం వెతికాయి. నేను ఫోను ఆపేశాను. ఆ తర్వాత ఆమె మళ్లీ పిలవలేదు. నేనూ పిలవమనలేదు.

ఆమె ఆఖరి రోజులు ఆ ఊళ్లోనే, కంచెకూ వంకకూ మధ్య గడిచాయి. జ్వరం వచ్చింది, తగ్గింది, ఊపిరితిత్తుల్లో నీరన్నారు. పావగడ ఆస్పత్రికి మాత్రం ఆటోలో పోయేది. "దీంట్లో కాలు అందుతాది" అని ఆటోవాడిని మెచ్చుకునేది. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. బండి కొన్నది ఆమె, ఎత్తించింది ఆమె, ఖర్చు ఆమె జీవాలది. ఊళ్లో ఎవరైనా ఎక్కగలరు దాంట్లో, ఆమె తప్ప.

దినం రోజు వచ్చినవాళ్లలో కొండ కింది మేస్త్రి కూడా ఉన్నాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగి తను వేసిన కట్టలు చూసుకున్నాడు. నేను పక్కనే నిలబడ్డాను. మనసులో ఉన్నది ఆపుకోలేక అనేశాను.

"బాగా చేసినావు మేస్త్రీ. ఒకటే కొదవ. ఇంత ఎత్తవుతాదని ముందే చెప్పుంటే బాగుండేది. అత్త ఒక్కసారి తప్ప మళ్లా దీంట్లో కూసోనే లేదు."

ఆయన నడుం ఎత్తి నన్ను వింతగా చూశాడు.

"ఆయమ్మకు చెప్పినాను కదప్పా."

"ఎప్పుడు?"

"నువ్వు టీకి పోయినప్పుడు. ఆ టమోటా బండి తలుపు తీసి, అడుగు యాడుండాదో జానతో కొల్చుకునింది. తన కాలికి పెట్టి చూసుకునింది. ఈడికి వచ్చింది." మేస్త్రి తన తొడ మీద, మోకాలికి బాగా పైన, అరచెయ్యి అడ్డంగా ఆనించాడు. "నేను అన్నాను, ముందు కూసునేకి నీకు కష్టమవుతాదమ్మా, దిమ్మలైతే ముందుభాగం లేయదు, నువ్వు ఎక్కొచ్చు అని. ఆయమ్మ ఇంకోతూరి కొల్చుకునింది. ఎక్కువేం మాట్లాడల్యా. మా అల్లునికి చెప్పొద్దు, చెప్తే దిమ్మలేయిస్తాడు అనింది."

నిజమే. చెప్పి ఉంటే దిమ్మలే వేయించేవాణ్ణి. అత్తను పక్కన కూర్చోబెట్టుకుని, వెనక జీవాలు పడుతూ లేస్తూ ఉంటే, నెమ్మదిగా తోలుతున్నానని నన్ను నేను నమ్మించుకుంటూ పోయేవాణ్ణి. ఆ నోటి మీద చెయ్యి, ఆ నవ్వు, అబ్బో అన్న ఆ మాట నాకోసం ముందే తయారు చేసి పెట్టుకుందన్నమాట. ఇంట్లోకి పోయి నా భార్యకు చెప్పాను. ఆమె ఏడ్చింది, కబురు చెప్పిన రోజు ఏడవనిదంతా కలిపి ఏడ్చింది.

వానలు పడ్డాయి. మందను ఇంటికి తేవడానికి కొండకు పోయాను. జీవాలను ఎక్కించి వస్తుంటే వంకలో పలచగా నీళ్లు పారుతున్నాయి, బండ తడిసి నల్లగా మెరుస్తోంది. సందులోకి దిగేముందు బండి ఆపాను. పక్క సీటు ఖాళీ. రెండు పక్కలా మట్టిగట్లు తలుపులకు దగ్గరగా వచ్చాయి. గేరు తగ్గించి, మెల్లగా పోనిచ్చాను. ముందు చక్రాలు బండ ఎక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. కింద ఏదీ తగల్లేదు. గట్టెక్కాక అద్దంలో వెనక్కి చూశాను. అన్నీ నిలబడి ఉన్నాయి, చెవులు వేలాడేసుకుని, నెమరేసుకుంటూ, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కటి కూడా మోకాళ్ల మీద పడలేదు.